బంద్ పాటించిన నీళ్లు

ఈశ్వరయ్యను చంపినవాడు మంచి రోజే చూసుకున్నాడు. తెలంగాణ బంద్. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. మామూలప్పుడు కారుకి కారు ఒరుసుకుంటూ, హారన్లతో ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ పోయే హైటెక్ సిటీ రోడ్డు మీద ఆ రోజు నాలుగు కుక్కలు తప్ప ఎవరూ లేరు. అద్దాల మేడల మధ్య నుంచి నలిగిన చొక్కాతో, భుజాన గుడ్డసంచీతో ఒక పెద్దమనిషి నడుచుకుంటూ వచ్చాడు. జలనేత్ర టెక్నాలజీస్ అనే కంపెనీ గేటు దాకా వచ్చాడు. వెనక నుంచి బైకు వచ్చింది. వెనక సీటు మీదున్నవాడు చెయ్యి చాపి, తెలిసినవాణ్ని పలకరించినట్టు మెడ మీద తట్టాడు. ఈశ్వరయ్య ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు.

పోలీసులు గుండెపోటని రాసుకున్నారు. ఎండలో నడిచొచ్చాడు, వయసు మీద పడింది, పోయాడు. చెవి కింద సూది మొనంత రంధ్రం ఉందని పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు రాస్తే, దోమ కుట్టి ఉంటుందన్నాడొక మహానుభావుడు. తర్వాత ఆయనకి ప్రమోషన్ కూడా వచ్చింది.

ప్రగతి నగర్ చెరువు దగ్గర వాటర్ ప్యూరిఫయర్లు రిపేరు చేసే షాపొకటి ఉంది. ఇచ్చిన ఫిల్టర్ ఏనాడూ టైముకి తిరిగివ్వరని కాలనీలో చెడ్డపేరు. ఆ చెడ్డపేరు గూఢచారి డిపార్ట్‌మెంట్ కష్టపడి సంపాదించుకున్నదే. కస్టమర్లు రాకపోతేనే కదా వెనక గదిలో దేశరహస్యాలు మాట్లాడుకోవడం కుదిరేది. ఆ వెనక గదిలో చీఫ్ పార్థసారథి ఎదురుగా మునిస్వామి కూర్చున్నాడు.

మునిస్వామి అనేది గూఢచారికి ఉండాల్సిన పేరు కాదని డిపార్ట్‌మెంట్లో చాలామంది నవ్వుకునేవారు. చిత్తూరు జిల్లా మనిషి, తాత పేరు పెట్టారు. స్టయిలుగా ఏదైనా కోడ్‌నేమ్ పెట్టుకోమంటే ఒప్పుకోలేదు. మునిస్వామి అంటే ఎవడికి అనుమానం వస్తుంది సార్ అన్నాడు. ఆ మాట పచ్చి నిజమని మూడు దేశాల జైళ్లలో ఉన్నవాళ్లు సాక్ష్యం చెబుతారు.

"తూర్పు తీరంలో కొండ కింద ప్రభుత్వం ముడిచమురు దాచింది" అన్నాడు పార్థసారథి. "యుద్ధమొచ్చి ఓడలు ఆగిపోతే దేశం కొన్నాళ్లు ఆ నూనె మీదే బతకాలి. ట్యాంకులు కావు. రాయి తొలిచిన గుహలు. లోపల ఇనుప రేకు లేదు, సిమెంటు పూత లేదు."

"రాయికి పగుళ్లుంటాయి కద సార్."

"ఉంటాయి. పగుళ్ల నిండా నీళ్లుంటాయి. ఆ నీళ్ల ఒత్తిడి లోపలి నూనె ఒత్తిడికంటే ఎక్కువున్నంత కాలం, నీళ్లే లోపలికి కారతాయి తప్ప నూనె బయటికి రాదు. కారిన నీళ్లు తోడేస్తారు. మట్టం తగ్గకుండా గుహ పైన బోర్లు వేసి నీళ్లు ఎక్కిస్తూనే ఉంటారు. వాటర్ కర్టెన్ అంటారు దాన్ని. నీళ్లే గోడ."

మునిస్వామి తలూపాడు. ఈ పాఠం అతనికి కొత్త కాదు. అతని చెల్లెలు భార్గవి ఆ కొండ మీదే జియాలజిస్టు. పండక్కి ఇంటికొస్తే పిండివంటల కంటే ముందు ఈ నీళ్ల ముచ్చటే వడ్డించేది.

"గోడ ఉందో లేదో ఎవరు చూస్తారు?"

"కొండ నిండా పరిశీలన బావులున్నాయి, వాటిల్లో సెన్సర్లున్నాయి. రీడింగులు ఇక్కడ జలనేత్ర సర్వర్‌కి వస్తాయి. సర్వర్ గ్రీన్ చూపిస్తే ఓడలోంచి నూనె దించుతారు. నీళ్లు ఎక్కువున్నాయని చూపిస్తే నీళ్లెక్కించే పంపులు వాటంతటవే తగ్గుతాయి. రెడ్ చూపిస్తే ఓడ వాల్వు మూసుకుంటుంది."

"కొండ కింద నీళ్లెన్ని ఉన్నాయో, కొండ మీదున్నవాడు హైదరాబాద్‌ని అడిగి తెలుసుకోవాలన్నమాట."

"దాన్నే టెక్నాలజీ అంటారు" అన్నాడు పార్థసారథి, నవ్వకుండా. "ఆ కొండ మీదే పనిచేసే ఈశ్వరయ్య పాతకాలం మనిషి. బావిలోకి టేపు దించి చేత్తో కొలిచాడు. సిస్టమ్ చెప్పినదానికంటే నీళ్లు బాగా కిందున్నాయి. రిపోర్ట్ పంపితే, నీ టేపు తప్పన్నారు. జలనేత్ర వాళ్లతో ముఖాముఖి తేల్చుకుందామని బయల్దేరాడు."

ఆ తర్వాత సంగతి తెలిసిందే. వెనకున్నది పెలికాన్ ముఠా అని పార్థసారథి చెప్పాడు. పెలికాన్ అంటే సూటూ బూటూ వేసుకున్న దొంగలు. ఒక పరాయి దేశపు దీవిలో వాళ్ల చమురు ట్యాంకులు ఖాళీగా ఎండుతున్నాయి. మన గుహ ఒక్కసారి లీకై, పైనున్న జాలరిపేట కాలిపోతే, ఇక ఈ దేశంలో గుహ అనే మాట ఎవడూ ఎత్తడు. మన నూనె వాళ్ల ట్యాంకుల్లో పోసి, మనమే అద్దె కట్టాలి.

"అద్దె కోసం ఊరు తగలబెడతారా సార్?"

"మార్కెట్ క్రియేట్ చేయడం అంటారు వాళ్ల భాషలో." పార్థసారథి టేబుల్ మీద ఒక ఐడీ కార్డు పెట్టాడు. "నువ్వు క్వాలిటీ ఆడిటర్‌వి. కార్డులో మైకుంది, నేను వింటుంటాను. నా మాట నీకు ఈ చెవి బొత్తాంలో వినబడుతుంది. లోపల మన సోర్స్ నీహారిక. కంపెనీలో క్లయింట్ రిలేషన్స్ చూస్తుంది. కోడ్ గుర్తుందా?"

"ఉంది సార్."

"ఇంకో మాట. మీ చెల్లెలికి సెలవిప్పిస్తాను. వచ్చెయ్యమను."

"రాత్రే అడిగాను సార్. రానంది." మునిస్వామి కార్డు తీసి మెడలో వేసుకున్నాడు. అమ్మానాన్నా పోయాక అతనికి మిగిలింది ఆ ఒక్క మనిషే.

హైటెక్ సిటీ కారిడార్‌లో పోలీసంటే భయం లేదు, మంత్రంటే అసలే లేదు. ఆడిటరంటే మాత్రం గుండెలు జారిపోతాయి. మునిస్వామి జలనేత్ర గడప తొక్కగానే డెలివరీ హెడ్ సుబ్బరాయుడు చేతులు నలుపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు రాస్తారోకో. అందుకని కంపెనీ తన జనాన్ని తెల్లారకముందే బస్సుల్లో తెచ్చి లోపల కుక్కేసింది. బయట ఒక ప్రాంతం మొత్తం రోడ్డెక్కి తన బతుకు కోసం కొట్లాడుతుంటే, వీళ్ల బాధ ఒక్కటే. క్లయింట్‌కి లేటవకూడదు.

"దయచేయండి సార్. టిఫినయిందాండి? కాఫీనా, టీనా? గోదావరిలో కూర్చుందామండి."

గోదావరి అంటే మీటింగ్ రూమ్. పక్కది కృష్ణ, ఆ పక్కది తుంగభద్ర. నీళ్లతో ఆ కంపెనీకున్న చుట్టరికం ఆ పేర్ల దగ్గరే ఆగిపోయింది.

గోదావరిలో నీహారిక ముందే కూర్చుని ఉంది. పట్టుచీరకి కంపెనీ బ్యాడ్జి తగిలించినా అందంగా కనబడే మనిషి. ఆ అందం సంగతి ఆమెకి మనకంటే బాగా తెలుసు.

"మీ అపార్ట్‌మెంట్‌కి మంజీరా నీళ్లొస్తున్నాయాండి?" అంది, చెయ్యి కలుపుతూ. కోడ్ మొదటి సగం.

"లేదండి. ట్యాంకరే దిక్కు."

"ట్యాంకర్ నీళ్లు ఉప్పగా ఉంటాయి."

"అలవాటైపోయిందండి."

నీహారిక కళ్లు చిన్నగా నవ్వాయి. మునిస్వామికి ఆ నవ్వు నచ్చలేదు. మెడ మీద ఈగ వాలినట్టనిపించింది. అయినా కోడ్ కరెక్టుగానే ఉంది కాబట్టి ఊరుకున్నాడు.

సుబ్బరాయుడు ప్రొజెక్టర్ వేశాడు. తెర మీద కొండ బొమ్మ, కొండ నిండా పచ్చ చుక్కలు. "అంతా గ్రీనేనండి. మా దగ్గర రెడ్ అనే మాటే లేదండి."

"చుక్కలొద్దు. గ్రాఫ్ పెట్టండి."

"గ్రాఫ్ ఎవరూ అడగరండి."

"నేనడుగుతున్నాను."

గ్రాఫ్ వచ్చింది. మునిస్వామి దాన్ని చూస్తూ కూర్చున్నాడు. కొండ సముద్రం పక్కనే. అలాంటిచోట ఆటుపోట్లకి బావుల్లో నీళ్లు కూడా రోజుకు రెండుసార్లు కొంచెం లేచి కొంచెం దిగుతాయని భార్గవి చెప్పింది. గ్రాఫ్‌లో కూడా గీత అలాగే రోజూ రెండుసార్లు లేస్తోంది, దిగుతోంది. చూడముచ్చటగా ఉంది. ఉన్నట్టుండి ఒక రోజు మొత్తం గీత తాడు లాగి కట్టినట్టు సాఫీగా పోయింది. కొన్నాళ్ల తర్వాత మళ్లీ అదే. ఇంకోచోట ఒకే రోజులో గీత నాలుగుసార్లు ఎగిరెగిరి పడింది.

ఫోన్‌లో క్యాలెండర్ తీశాడు. సాఫీగా ఉన్న రోజులన్నీ తెలంగాణ బంద్ రోజులు. ఎగిరిపడ్డ రోజులన్నీ శనివారాలు.

నవ్వొచ్చింది మునిస్వామికి. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. బంద్‌కి సెలవిచ్చి, ఆ శనివారం పిలిచి కాంపెన్సేషన్ అని పని చేయించుకోవడం ఈ కంపెనీల ఆచారం. ఈ బంద్ గాలి కూడా సోకని ఎక్కడో తీరంలో, కొండ కింద నీళ్లు ఆ ఆచారాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాయి. సముద్రం బంద్ రోజు సెలవు తీసుకుని, శనివారం వచ్చి డబుల్ డ్యూటీ చేసి పోతోంది. ఇన్ని నెలలుగా ఈ గ్రాఫ్‌ని ఒక్క దౌర్భాగ్యుడు కూడా తెరిచి చూడలేదు. అందరూ పచ్చ చుక్క చూసి పక్కకి తిరిగి పడుకున్నారు.

"ఫ్లోర్ చూడాలి" అన్నాడు లేస్తూ. "నేనొక్కణ్నే."

రీడింగుల టీమ్ మూలన ఉంది. మొదటి సీట్లో శ్రావణి అని ఒకమ్మాయి గబగబా అంకెలు కొడుతోంది.

"ఏం పనమ్మా ఇది?"

"బావుల రీడింగ్ సార్. డెమో డేటా. సెన్సర్ల లైన్ మెయింటెనెన్స్‌ల ఉన్నదంట. అది అయ్యేదాంక మేమే కొడ్తున్నం. ఆటుపోట్ల పట్టిక చూసుడు, జర అటూ ఇటూ చేసుడు, ఎక్కించుడు. గంతే సార్."

"బంద్ రోజు?"

"బంద్ రోజు ఎట్లొస్తం సార్, బస్సులేడియి? శనివారం వచ్చినప్పుడు ఆ రోజుది, ఈ రోజుది కలిపి కొడ్తం." ఆమె మొహం వాడిపోయింది. "తప్పా సార్? టైమ్‌షీట్ మాత్రం కరెక్టుగనే నింపినం."

ఆ పిల్ల తప్పేం లేదు. డెమో అంటే నమ్మింది. వేల మైళ్ల అవతల ఏసీ గదుల్లో కూర్చుని పెలికాన్ మేధావులు ఒక దేశాన్ని ముంచే పథకం వేశారు. ఏ రోజు ఎంత అబద్ధం చెప్పాలో లెక్కగట్టి పంపారు. ఆ పథకాన్ని చేతుల్లోకి తీసుకున్న సుబ్బరాయుడు, అలవాటు పోనిచ్చుకోలేక, దాన్ని కూడా కింద టీమ్‌కి తోసేసి తను చేతులు కడుక్కున్నాడు. ద్రోహం చేయడానికి కూడా ఒళ్లు వంగని జాతి.

మునిస్వామి మెట్ల దగ్గరికెళ్లి భార్గవికి ఫోన్ చేశాడు.

"పాపా, యాడుండావ్?"

"జాలరిపేటలో నా. బావి కాడ." అన్నాని కుదించి ‘నా’ అంటుందామె. రొప్పుతోంది. "ఓడొచ్చింది. తెల్లారినప్పట్నించి గుహలోకి నూనె దించతా ఉండారు. నూనె లేచేకొద్దీ పైనుండే ఆవిరి నలిగి ఒత్తిడి పెరగతాది. ఇంకోపక్క నీళ్లు దిగిపోతా ఉండాయి. రెండూ సమానమయ్యేదానికి ఎంతోసేపు లేదు. బావి గొట్టంలో అప్పుడే పెట్రోలు వాసనొస్తాంది."

"లక్ష్మీనారాయణకి చెప్పినావా?" సైట్ మేనేజర్ అతను.

"చెప్పినా. సిస్టమ్‌లో గ్రీనుండాది గదమ్మా అంటాడు. వచ్చి వాసన చూడు సామీ అంటే, దానికి రూల్ లేదంటాడు."

"నువ్వు ఆడ్నించి వచ్చేయ్. ఇప్పుడే."

"ఇండ్లల్లో పొయ్యిలు ముట్టించే టైమ్ నా ఇది. ఇల్లిల్లూ తిరిగి ఆర్పిస్తా ఉండా. నేను పక్కకి పోతే మళ్లా ముట్టిస్తారు."

అతనికి తిట్టాలనిపించింది, బతిమాలాలనిపించింది. రెండింటికీ ఆమె లొంగదని తెలుసు. "సరే పాపా. ఏ బావిలో నీళ్లు ఎంత లోతులో ఉండాయో చెప్పు. నేను రాసుకుంటా."

ఆమె చెప్పింది. అతను అరచేతి మీద రాసుకున్నాడు.

"ఇంక ఫోన్ ఆపేస్తా నా. గ్యాస్ పైకొస్తే దీన్నించి రవ్వ లేచినా కష్టమే." లైన్ కట్టయింది.

ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. ఎదురుగా నీహారిక. చేతిలో చిన్న పిస్తోలు, దాని మూతికి సైలెన్సర్.

"గోదావరిలోకి నడవండి" అంది, అంతే మర్యాదగా.

మీటింగ్ రూమ్ తలుపు మూసింది. మునిస్వామి కుర్చీలో కూర్చున్నాడు. "ఈశ్వరయ్య వస్తున్నాడని బైకు వాడికి చెప్పింది నువ్వేనా?"

"నేనే. ముందు మీ చీఫ్‌కి చెప్పాను. ఆయన కంటే వాళ్లు తొందరగా స్పందించారు."

"రెండు వైపులా జీతమా?"

"రెండు వైపులా అప్రైజల్ కూడా." ఆమె వాచీ చూసుకుంది. "మీరిక్కడ కాసేపు కూర్చుంటే చాలండి. గొడవ చేయకండి. ఆ తర్వాత మీ ఇష్టం."

"ఆ పేటలో ఎంతమంది ఉన్నారో తెలుసా?"

"తెలుసుకోలేదు. తెలుసుకుంటే పని చేయలేం."

మునిస్వామి ఆమె వంక చూశాడు. ఇన్నేళ్లలో హంతకుల్ని చూశాడు, కిరాయి గూండాల్ని చూశాడు. వాళ్లకి కనీసం తాము చేస్తున్నదేమిటో తెలుసు. ఈమెకి అది కూడా ఒక ప్రెజెంటేషన్. "నీ మీద కోపం కూడా రావట్లేదు నాకు" అన్నాడు. "అసహ్యంగా ఉంది, అంతే."

ఆమె మొహంలో మొదటిసారి రంగు మారింది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

తలుపు తోసుకుని సుబ్బరాయుడు లోపలికొచ్చాడు. ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చేతి మీద జరీ అంచు శాలువా, వెనక ఫోటో తీయడానికి హెచ్.ఆర్. మనిషి. ఆడిటర్ రిపోర్ట్ రాయకముందే సన్మానం చేసి పంపడం అక్కడి పద్ధతి. నీహారిక చటుక్కున పిస్తోలు పమిట చాటుకి లాక్కుంది.

"మా చిన్న సత్కారమండి" అంటూ సుబ్బరాయుడు శాలువా విప్పాడు.

మునిస్వామి ఆ శాలువాని అందుకుని, కప్పుకోవడానికి వంగినట్టే వంగి, నీహారిక మీదికి విసిరాడు. జరీ అంచు పిస్తోలుకి చుట్టుకుంది. తుపాకి దగ్గినట్టు చప్పుడైంది. గుండు సీలింగ్‌లోకి పోయింది. హెచ్.ఆర్. మనిషి టేబుల్ కిందికి దూరాడు. నీహారిక శాలువా, పిస్తోలు రెండూ అక్కడే వదిలేసి తలుపులోంచి మాయమైంది.

వెంటబడితే దొరుకుతుంది. కాళ్లు అటే లాగాయి కూడా. కానీ అరచేతిలో చెల్లెలు చెప్పిన అంకెలున్నాయి. మునిస్వామి సుబ్బరాయుడి కాలర్ పట్టుకుని శ్రావణి సీటు దగ్గరికి ఈడ్చుకుపోయాడు.

"సార్, పోనివ్వకండి ఆమెని" అన్నాడు నడుస్తూనే, ఐడీ కార్డులోకి.

"ఆ పని నేను చూస్తాను" అంది చెవిలో పార్థసారథి గొంతు. "సైట్‌కి నేనూ ఫోన్ చేశాను. సిస్టమ్ గ్రీన్ చూపిస్తోంది, రాతపూర్వకంగా పంపండి అంటున్నాడు లక్ష్మీనారాయణ. మంత్రిత్వశాఖని పట్టుకునేసరికి ఆలస్యమైపోతుంది."

మనిషి మాట వాడు వినడు. మెషీన్ మాటే వింటాడు. అయితే మెషీన్ చేతే చెప్పించాలి. అబద్ధం ఎక్కించిన దారి తెరిచే ఉంది కదా, అదే దారిలో నిజం పంపితే సరి.

"శ్రావణమ్మా, ఇది డెమో కాదు. మీరు కొట్టే అంకెలు చూసి అక్కడ నిజం గుహలో నిజం నూనె దించుతున్నారు. గ్యాస్ పైకి లేస్తే పైన పేట కాలిపోతుంది. నేను చెప్పే అంకెలు ఎక్కించు."

శ్రావణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "చెప్పున్రి సార్" అంది.

అతను అరచేయి చూసి చెప్పాడు. ఆమె కొట్టింది. తెర మీద ఒక డబ్బా లేచింది.

"తీస్కుంటలేదు సార్. ఇంత తక్కువ నంబర్ కొడితే అప్రూవల్ అడుగుతది. సుబ్బరాయుడు సార్ వేలుముద్ర పడాలె."

మునిస్వామి సుబ్బరాయుడి వైపు తిరిగాడు. అతని చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. మీసాల మీద పూలగుత్తి రేకొకటి అతుక్కుని ఉంది.

"సార్, నాకేం తెలియదండి. డేటా కొంచెం నీట్‌గా ఉంచమన్నారు, ఉంచానండి. కోకాపేటలో ఫ్లాట్ బుక్ చేశానండి, పిల్లల ఫీజులండి..."

"వేలు పెట్టు."

"పైనుంచి మెయిల్ వస్తే పెడతానండి. మెయిల్ లేకుండా అప్రూవ్ చేస్తే రేపు నన్నే అడుగుతారండి."

కొండ కింద గ్యాస్ పైకి తోసుకొస్తోంది. మీద భార్గవి గుమ్మం గుమ్మం తిరుగుతోంది. ఇక్కడొక మనిషి మెయిల్ అడుగుతున్నాడు. మునిస్వామికి ఆ క్షణంలో పెలికాన్ మీద కూడా అంత రోత పుట్టలేదు. వాళ్లు దుర్మార్గులు, ఆ మాట వాళ్లే ఒప్పుకుంటారు. వీడు తనకి తాను మంచివాడు.

మాటలతో పని లేదని అతను సుబ్బరాయుడి మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. బొటనవేలు చెమటకి జారింది. స్కానర్ ఒప్పుకోలేదు. శ్రావణి చున్నీ కొసతో సుబ్బరాయుడి వేలు పట్టి తుడిచింది, దుమ్ముపట్టిన మౌస్ తుడిచినంత మామూలుగా. మునిస్వామి మళ్లీ నొక్కాడు.

తెర మీద కొండ ఒక్కసారిగా ఎర్రబడింది. ఆ ఫ్లోర్ మీద ఎవరూ ఎన్నడూ చూడని రంగు. అక్కడక్కడ కుర్రాళ్లు లేచి నిలబడ్డారు.

"వాల్వు మూసుకుంది" అంది చెవిలో గొంతు. "వాటర్ కర్టెన్ పంపులు పూర్తి జోరు మీద తిరుగుతున్నాయి. ఇప్పుడే లక్ష్మీనారాయణ ఫోన్ చేశాడు. సిస్టమ్ రెడ్ చూపిస్తోంది, ప్రమాదంగా ఉంది అని నాకే చెబుతున్నాడు."

"భార్గవి?"

"పేట నుంచి ఇంకా కబురు లేదు."

మునిస్వామి చెల్లెలి నంబర్‌కి చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు. స్విచాఫ్ అని తెలిసి కూడా చేస్తూనే ఉన్నాడు. దేశం గట్టెక్కిందని అతనికి ఏమాత్రం సంతోషం కలగలేదు. శ్రావణి మంచినీళ్ల గ్లాసు తెచ్చిస్తే పట్టుకుని కూర్చున్నాడు గానీ, తాగాలని తోచలేదు.

నీహారిక సంగతి ఈలోపే తేలిపోయింది. కారెక్కి ముంబై హైవే పట్టుకుందామని మియాపూర్ వైపు దూసుకుపోయింది. పెలికాన్ వాళ్లిచ్చిన పాస్‌పోర్టులు, విగ్గులు అన్నీ సీటు కింద సిద్ధంగా ఉన్నాయి. వంటా వార్పు గురించి మాత్రం పెలికాన్ ఆమెకి ట్రైనింగ్ ఇవ్వలేదు. బస్ డిపో ముందు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి జనం అన్నం వండుతున్నారు. ఈ పక్కన పప్పు, ఆ పక్కన వంకాయ కూర, మధ్యలో డప్పులు. వెనక్కి తిప్పుదామంటే వెనక లారీలు ఆగిపోయాయి. దిగి నడుద్దామంటే ఎత్తుమడమల చెప్పులు.

"గింత ఎండల యాడికి ఉరుకుతున్నవ్ బిడ్డా?" అంది బుచ్చమ్మ అనే పెద్దావిడ, గరిటె చేత్తో పట్టుకుని. "కూసో. నాలుగు మెతుకులు తిని పో."

"అర్జెంటండి. వదలండి."

"అందరికీ అర్జెంటే. మాకు యాభై ఏండ్ల సంది అర్జెంటే. కూసో."

ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. విస్తరి వేసింది. గూఢచారి డిపార్ట్‌మెంట్‌నీ, పెలికాన్ ముఠానీ వేలిమీద ఆడించిన మనిషి, ఆ పెద్దావిడ చేతి కింద నుంచి మాత్రం లేవలేకపోయింది. పార్థసారథి పంపినవాళ్లు వచ్చేసరికి రెండోసారి పప్పు వడ్డిస్తున్నారు.

ఎవరిదో తెలియని నంబర్ నుంచి మునిస్వామికి ఫోన్ వచ్చింది.

"నా, నేను." భార్గవి. వెనక పిల్లల కేకలు, సముద్రం హోరు వినిపిస్తున్నాయి. "ఇది పేటలో ఉండే అప్పలస్వామి ఫోన్. మేమంతా ఇసకలోకొచ్చేసినాం. బాగుండాం."

అతను గ్లాసు కింద పెట్టి, ముక్కు ఎగబీల్చాడు. శ్రావణి మొహం అవతలికి తిప్పుకుంది.

"ఏడస్తా ఉండావా నా?"

"లేదు. ఇక్కడ ఏసీ ఎక్కువ." ముక్కు తుడుచుకున్నాడు. "నీళ్లు?"

"దిగడం ఆగినాయి. పైకి రావాలంటే చానా దినాలు పడతాది. నూనెని ఒక్కరోజులో దించొచ్చు గానీ, నీళ్లని తొందరపెట్టలేం."

సాయంత్రానికి పై నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. పెలికాన్ గురించి ఎక్కడా మాట రాకూడదు. ఈశ్వరయ్య గుండెపోటుతోనే పోయాడు. సెన్సర్లు బాగా పనిచేశాయి, సిస్టమ్ సకాలంలో హెచ్చరించింది. ఆ హెచ్చరికకి వెంటనే స్పందించి దేశ సంపదని కాపాడినందుకు సైట్ మేనేజర్ లక్ష్మీనారాయణకి ఢిల్లీలో మెడల్ ఇస్తున్నారు. పార్థసారథి ఆ సంగతి చదివి వినిపించి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

మునిస్వామి ఆ రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి ఈ ముచ్చట చెప్పాడు. నోటికొచ్చినట్టు తిడుతుందని ఎదురుచూశాడు. పళ్లు కొరికి, రాజీనామా కొట్టి ఇంటికొచ్చేయ్ పాపా అని కూడా అన్నాడు.

అవతల బావి గొట్టంలోకి టేపు జారుతున్న చప్పుడు వినిపించింది.

"ఢిల్లీకి ఆయన పోతేనే మేలు నా" అంది భార్గవి. "ఆడుండేది పచ్చగడ్డి లాన్లూ, మెడల్సూ. ఈడుండేది గ్యాసు. వాసన తెలీని మనిషిని ఈడ ఉంచుకోవడం డేంజర్."